పుస్తకమునకు పై అట్ట

తాళపత్రములపై గ్రంథములు వ్రాసికొన్న కాలమున ముఖచిత్రమను మాట లేదు. ఆకులకు పైన ఒక చెక్క, క్రింద ఒక చెక్క పెట్టి, రంధ్రములగుండ త్రాడు దూర్చి కట్టెడివారు. ఆ చెక్కల పని లోపలి ఆకులను కాపాడుటయే. లోపల భారతమున్నదో వైద్యమున్నదో కట్టు విప్పినగాని తెలియదు. తెలియవలసిన అవసరమును అంతగా లేదు. గ్రంథము ఎవరి యింట నున్నదో వారికి అది యేదో తెలిసియే యుండెడిది. పుస్తకము అంగడికి వచ్చి, తన్ను ఎరుగనివాని యెదుట నిలువవలసి వచ్చినప్పుడే అట్టకు మాటాడవలసిన పని పడినది.

ఇంగ్లండులో 19వ శతాబ్ది ఆరంభమువరకు కొనువాడే తన యిచ్చవచ్చినట్లు పుస్తకమునకు తోలు బైండు కట్టించుకొనుట వాడుక. 1820 తరువాత ప్రకాశకులే గుడ్డ అట్టలు వేసి అమ్మసాగిరి. ఆ అట్టలు మాయకుండుటకై పైన ఒక కాగితము చుట్టిరి. నేడు మిగిలిన అట్టి కాగితములలో మిక్కిలి ప్రాతవానిలో నొకటి 1829 నాటిది. ‘ఫ్రెండ్‌షిప్స్ ఆఫరింగ్’ అను కానుక పుస్తకమునకు చుట్టినది. ఆక్స్‌ఫర్డునందలి బాడ్లియన్ గ్రంథాలయములో 2009లో దానిని గుర్తించిరి. పొట్లమువలె పుస్తకమును నలువైపుల కప్పి, లక్కతో అంటించిన గురుతులు దానిపై కలవు. విప్పుటయన్న చింపుటయే. అందుచేతనే అట్టివి అంత అరుదు.

1876లో ‘ఆలిస్’ కథల రచయిత లూయీ కారల్ తన ‘ది హంటింగ్ ఆఫ్ ది స్నార్క్’ అచ్చగుచుండగా, ఈ పై కాగితపు వీపుమీద కూడ పేరు ముద్రింపుడని ప్రకాశకులకు జాబు వ్రాసెను. పేరు పైననే కనబడినచో కాగితము విప్పకయే పుస్తకమును అరలో నిలుపవచ్చును, అది మాయకుండును, అమ్ముడుపోవును. ఎంత చిన్న యుపాయము! చుట్టుకాగితము క్రమముగా పుస్తకమునకు ముఖమైనది.

ముఖము వచ్చిన పిమ్మట నోరు రాక మానదు. అసలు నోరు ముందే వచ్చినది. అమెరికా కవి వాల్ట్ విట్మన్ 1855లో తన ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ను ప్రకటింపగా ఎమర్సన్ మహాశయుడు మెచ్చుకొని జాబు వ్రాసెను. మరుసటి యేట రెండవ కూర్పు వెలువడినపుడు విట్మన్ ఆ జాబులోని ఒక వాక్యమును, ఎమర్సన్ పేరును పుస్తకపు వీపుమీద బంగారు అక్షరములతో అచ్చొత్తించెను. అనుమతి అడుగలేదు. అంతకంటె విశేషమేమనగా, మొదటి కూర్పున 12 పద్యములు, రెండవదానిలో 32. ఎమర్సన్ జాబు వ్రాయునాటికి ఆ పుస్తకమున లేని పద్యములకు కూడ ఆయన మెప్పు కప్పుగా వేయబడినది! విట్మన్ మహాకవియే, అయినను ఈ పని పాఠకుని యెడల న్యాయమైనది కాదు.

ఇట్టి పొగడ్తలు పెచ్చుపెరిగినపుడు వానిని ఎగతాళి చేయుటకు గెలెట్ బర్జెస్ అను హాస్యరచయిత 1907లో ఒక విందునకై తన పుస్తకము ప్రతులకు ప్రత్యేకమైన పై కాగితము వేయించెను. నోటి ప్రక్క చేయి పెట్టుకొని కేకలు వేయుచున్న ఒక యువతి బొమ్మ దానిపై నుండెను. ఆమె పేరు బెలిండా బ్లర్బ్. ఎగతాళికి పెట్టిన ఆ పేరే ఇంగ్లీషున అట్టమీది పరిచయవాక్యములకు స్థిరపడిపోయినది. పాఠకునికి ఆ వాక్యములవలన కావలసినది కేక కాదు: కథ ఏ ఊరిది, ఏ కాలముది, ఎవరిని గూర్చినది, చివర తెలియకుండ ఎంతవరకు చెప్పవచ్చును అనునంతే.

కేక వేయకయే పిలువవచ్చునని చూపినవారు పెంగ్విన్ వారు. 1935 జూలైలో అలెన్ లేన్ పది పుస్తకములను ఆరేసి పెన్నీల వెలకు విడుదల చేసెను. అట్టపై కథాచిత్రములు ఆయనకు గిట్టవు. అడ్డముగా మూడు పట్టీలు, నడుమ తెల్లనిదానిపై పేర్లు. నవలకు నారింజ రంగు, అపరాధ పరిశోధనకు ఆకుపచ్చ, జీవితచరిత్రకు నీలము. పక్షి బొమ్మ కొరకు ఎడ్వర్డ్ యంగ్ అను 21 ఏండ్ల యువకుడు లండను జంతుప్రదర్శనశాలకు పోయి గీసికొని వచ్చెను. వూల్‌వర్త్ దుకాణములవారు 63,500 ప్రతులు కోరిరి. పది గజముల దూరమునుండియే పుస్తకపు జాతి తెలియుట ఆ అట్టల గొప్ప. అయినను 1960 తరువాత పెంగ్విన్ వారును బొమ్మలకు లొంగక తప్పలేదు.

బొమ్మ తప్పు కాదు. కలకత్తాలో దిలీప్‌కుమార్ గుప్తా 1943లో స్థాపించిన సిగ్నెట్ ప్రెస్సునకు సత్యజిత్ రాయ్ అట్టలు వేసెను. జిమ్ కార్బెట్ వ్రాసిన కుమావూ పులుల వేట పుస్తకమునకు ఆయన వేసినది చూడవలసినదే. అట్ట యంతయు పులిచర్మపు చారలు. ముందు వైపున తూటా దూరిన చిన్న రంధ్రము. వెనుక వైపున అది వెలువడిన పెద్ద రంధ్రము. దూరినచోటికంటె వెలువడినచోట గాయము పెద్దదగుట వేటగాడెరిగిన నిజము. పులి నోరు తెరచుకొని మీదికి దూకు బొమ్మ ఎవరైనను వేయుదురు. ఈ బొమ్మ పుస్తకము చదివినవానికే తోచును. సిగ్నెట్ వారి సంక్షిప్త ‘పథేర్ పాంచాలి’కి బొమ్మలు వేయుచుండగనే ఆయనకు ఆ కథను చలనచిత్రముగా తీయవలెనను తలంపు కలిగినది. 1955లో అది నెరవేరెను.

తెలుగువారికి ఆ యదృష్టము బాపు (1933–2014) వలన పట్టినది. తెలుగు లిపికి తలకట్లు పైన, వత్తులు క్రింద. సీసపు అచ్చులతో పేరు కూర్చినపుడు అది బొమ్మకు ఎడముగా, అతుకు వేసినట్లుండెడిది. బాపు పేరును తన చేతనే వ్రాసి బొమ్మలో భాగము చేసెను. ఆ చేవ్రాతయే తరువాత అచ్చు అక్షరముల రూపము తాల్చినది.

ఇంత చరిత్రయు పల్లెటూరి గ్రంథాలయమున ఒక్క కాలికో బైండుతో మాయమగుచుండును. పది చేతులు మారి అట్ట చినుగును. బైండరు దానిని తీసివేసి, గట్టి అట్ట వేసి, వీపుమీద అంకె అంటించును. పుస్తకము బ్రదుకును గాని మరల తాళపత్రముల చెక్కలవలె మూగదియగును. పేరెరుగని చందాదారు దానిని చేతికి తీసికొనడు. చందాదారులు ముట్టని పుస్తకము బీరువాలో ఎంత భద్రముగా నున్నను ఒక్కటే. పాత తెలుగు అట్టలు ఎట్లుండెడివో చూడగోరువారికి నేడు మొండి ప్రతులే దొరకుటకు కారణమిదియే. బైండు కట్టించుటకు ముందు ముఖచిత్రమును, వెనుక అట్టమీది పరిచయమును కత్తిరించి లోపలి అట్టకు అంటించు గ్రంథపాలకులును కొందరు కలరు. అందుకు వారికి పట్టు ఖర్చు కొంచెము మైదాపిండి జిగురు.