బ్రిటన్‌లో ఇంటిపేరు మార్పు: డీడ్ పోల్, పిల్లల పేర్లు, పూర్వికుల పత్రాలు

మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ, మలేషియా దేశాల తోటలలో పనిచేసిన తెలుగువారి వంశీకులు కొందరు నేడు బ్రిటన్‌లో స్థిరపడి ఉన్నారు. వారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉండవలసిన చోట ఉన్నది చాలా సందర్భాలలో ఇంటిపేరు కాదు. అది ఒక పూర్వికుని సొంత పేరు, లేదా ఒక బిరుదు. తెలుగు తిరిగి నేర్చుకొంటూ ఈ సంగతి గ్రహించినవారికి తమ పేరునో, తమ పిల్లల పేరునో సరిచేయాలనే కోరిక కలగడం సహజం. బ్రిటన్ చట్టం అందుకు చూపే మార్గాన్ని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. ఆ మార్గం కష్టమైనది కాదు. అయితే ఏ పేరు సరైనదో చట్టం చెప్పదు. ఆ నిర్ణయం కుటుంబానిదే. అందుచేత పేరు మార్చక ముందు చేయవలసిన పనిని కూడా ఇక్కడ చెబుతున్నాము.

ఇంటిపేరు ఎలా మరుగున పడింది

తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తరువాత వస్తుంది. పసుపులేటి రామన్న అంటే పసుపులేటి వారింటి రామన్న అని అర్థం. ఇంగ్లీషు పద్ధతిలో ఈ వరుస తలకిందులవుతుంది.

ఒప్పంద కూలీలు మారిషస్‌కు 1834 నుండి, నేటాల్‌కు 1860 నుండి, ఫిజీకి 1879 నుండి వెళ్ళారు. మద్రాసు రేవు నుండి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. నేటాల్‌కు తొలి ఓడ ట్రూరో మద్రాసు నుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు ఆ విధంగా నేటాల్ చేరినవారు 1,52,184 మంది. ఓడల పట్టికలలో ప్రతి మనిషికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం రాసేవారు. ఇంటిపేరు కోసం ప్రత్యేకమైన గడి లేదు.

ఆ దేశాలలో పిల్లలు పుట్టినప్పుడు జనన నమోదుకు ఒక ఇంటిపేరు కావలసి వచ్చింది. అప్పుడు తండ్రి సొంత పేరునే ఆ స్థానంలో రాశారు. ఉదాహరణకు పసుపులేటి రామన్న కుమారుడు అప్పన్న మారిషస్‌కు వెళ్ళాడనుకుందాం. పట్టికలో అతడు అప్పన్న, తండ్రి రామన్న. అతని పిల్లలకు అప్పన్న అనేదే ఇంటిపేరు అయింది. తరువాతి తరాలవారందరూ ఆ పేరునే మోశారు. పసుపులేటి అనే మాట ఏ కాగితంలోనూ లేదు. దక్షిణాఫ్రికాలో అనేక కుటుంబాలకు నాయుడు, రెడ్డి అనే బిరుదులు ఇంటిపేర్లుగా నిలిచాయి. నాయుడు అనేది ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క ఇంగ్లీషు వర్ణక్రమంతో కనబడుతుంది.

ఏ పేరును తిరిగి తీసుకోవాలి?

మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. అసలు ఇంటిపేరు తెలుసుకొనడానికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది ఇంటిలోని పెద్దల జ్ఞాపకం. పెళ్ళిళ్ళలో, పితృకర్మలలో పురోహితుడు ఇంటిపేరు, గోత్రం అడిగినప్పుడు నాయనమ్మలు, తాతలు చెప్పిన మాట కొన్ని ఇళ్ళలో నేటికీ నిలిచి ఉంది. రెండవది దేవాలయాల, సంఘాల పాత లెక్కల పుస్తకాలు. మూడవది వలస పత్రాలు. మారిషస్ పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో, ఫిజీ పత్రాలు అక్కడి జాతీయ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. నేటాల్ ఓడల పట్టికలు డర్బన్ పత్రాగారంలో ఉన్నాయి. ఈ పత్రాలు ఇంటిపేరును సాధారణంగా చెప్పవు. కాని గ్రామాన్ని చెబుతాయి. గ్రామం తెలిస్తే అక్కడి బంధువర్గాన్ని వెదకవచ్చు.

ఎంత వెదికినా ఇంటిపేరు దొరకకపోవచ్చు. అటువంటప్పుడు వినసొంపుగా ఉన్న వేరొక ఇంటిపేరును తీసుకొనడం మంచిది కాదని మా అభిప్రాయం. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాలలో, వేరువేరు ఊళ్ళలో ఉంటుంది. ఆ పేరు పెట్టుకొన్నంత మాత్రాన బంధుత్వం ఏర్పడదు. పైగా రేపు మన మనుమలు ఆ పేరు పట్టుకొని వెదికితే, మనది కాని ఊరికి చేరుకొంటారు.

డీడ్ పోల్ అంటే ఏమిటి?

ఇంగ్లండ్, వేల్స్‌లలో పేరు మార్పును నిరూపించే పత్రాన్ని డీడ్ పోల్ అంటారు. మోసం చేసే ఉద్దేశం లేకుండా ఎవరైనా కొత్త పేరును వాడుకోవచ్చు; అయితే ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు రుజువు అడుగుతాయి. ఆ రుజువే డీడ్ పోల్. పాత పేరును విడిచిపెట్టానని, ఇకపై అన్ని పనులకూ కొత్త పేరునే వాడతానని అందులో ప్రకటిస్తారు. చివర పాత పేరుతో ఒకసారి, కొత్త పేరుతో ఒకసారి సంతకం చేస్తారు. కుటుంబానికి చెందని పెద్దవారు సాక్షిగా సంతకం చేయాలి.

డీడ్ పోల్ రెండు విధాలు. నమోదు చేయనిది 16 సంవత్సరాలు నిండిన వారెవరైనా స్వయంగా రాసుకోవచ్చు. దానిని తయారుచేసి అమ్మే సంస్థలు ఉన్నాయి కాని, వారిచ్చిన పత్రానికి మీరు రాసుకొన్న పత్రం కంటే ఎక్కువ బలం లేదు. రెండవది లండన్‌లోని ఉన్నత న్యాయస్థానంలో నమోదు చేసేది. దీనికి 18 సంవత్సరాలు నిండాలి, రుసుము చెల్లించాలి, పది సంవత్సరాలుగా మిమ్మల్ని ఎరిగినవారు ప్రమాణపూర్వకంగా ధ్రువీకరించాలి. ఈ మార్పు గెజెట్‌లో ప్రచురింపబడుతుంది. కొన్ని సంస్థలు నమోదైన పత్రాన్నే కోరతాయి గనుక ముందుగా విచారించండి.

వివాహం వలన జీవిత భాగస్వామి ఇంటిపేరు తీసుకొనేవారికి సాధారణంగా డీడ్ పోల్ అవసరం లేదు. వివాహ ధ్రువపత్రం చాలు.

స్కాట్లండ్‌లో జననం నమోదైన వారు స్కాట్లండ్ జాతీయ పత్రశాఖ ద్వారా, ఉత్తర ఐర్లండ్‌లో నమోదైన వారు అక్కడి జనన నమోదు కార్యాలయం ద్వారా మార్పును నమోదు చేయించుకోవచ్చు.

పిల్లల ఇంటిపేరు

16 సంవత్సరాల లోపు పిల్లల పేరును తల్లి గాని తండ్రి గాని ఒక్కరే మార్చలేరు. ఆ బిడ్డపై చట్టపరమైన బాధ్యత గలవారందరూ అంగీకరించాలి. తల్లికి ఈ బాధ్యత పుట్టుకతోనే ఉంటుంది. తండ్రికి తల్లితో వివాహం వలన ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2003 డిసెంబరు 1 నుండి, జనన నమోదులో తల్లితో కలిసి సంతకం చేసిన తండ్రికీ ఉంటుంది. విడిపోయిన దంపతులలో ఒకరు అంగీకరించకపోతే న్యాయస్థానాన్ని ఆశ్రయించాలి. పూర్వికుల పేరును నిలపాలనే మీ కోరిక ఎంత గొప్పదైనా, న్యాయస్థానం చూసేది బిడ్డ క్షేమాన్నే.

అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు వేరువేరు ఇంటిపేర్లు రాకుండా అందరి పేర్లూ కలిపి ఆలోచించండి. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేరు వేరైతే సరిహద్దు అధికారులు బంధుత్వానికి రుజువు అడగవచ్చు. జనన ధ్రువపత్రం, డీడ్ పోల్ ప్రయాణంలో వెంట ఉంచుకోండి.

రెండు పాస్‌పోర్టులు గలవారికి హెచ్చరిక

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మరొక దేశపు పాస్‌పోర్టు కూడా ఉన్నవారికి కొత్త పేరుతో బ్రిటిష్ పాస్‌పోర్టు ఇచ్చే ముందు, ఆ రెండవ పాస్‌పోర్టులోనూ అదే పేరు ఉండాలని బ్రిటన్ పాస్‌పోర్టు కార్యాలయం సాధారణంగా కోరుతుంది. బ్రిటిష్ పౌరసత్వం లేనివారి నివాస హక్కు పత్రాలు కూడా వారి జాతీయ పాస్‌పోర్టులోని పేరునే అనుసరిస్తాయి. కాని ప్రతి దేశం బ్రిటన్ డీడ్ పోల్‌ను నేరుగా అంగీకరించదు. మారిషస్‌లో పేరు మార్పుకు అటార్నీ జనరల్ అనుమతి కావాలి. దక్షిణాఫ్రికాలో హోం వ్యవహారాల శాఖ ఆమోదం కావాలి.

మా కుటుంబాలలో ఒకరు ఈ వరుస తెలియక కుమార్తెకు మొదట డీడ్ పోల్ రాయించి, బడిలో పేరు మార్పించి, ఆపైన పాస్‌పోర్టుకు దరఖాస్తు చేశారు. రెండు పాస్‌పోర్టుల పేర్లు కలిసే వరకు దరఖాస్తు నిలిచిపోయింది. నాయనమ్మ సంవత్సరీకానికి ఆ అమ్మాయి వెళ్ళలేకపోయింది. ఆ పేరు నాయనమ్మ చెప్పిన ఇంటిపేరే.

పాత పేరును పారవేయకండి

ఇంగ్లండ్, వేల్స్‌లలో డీడ్ పోల్ వలన జనన ధ్రువపత్రంలోని పేరు మారదు. కొందరికి ఇది లోపంగా తోస్తుంది. మాకు మాత్రం ఇది మేలుగానే కనబడుతుంది. పట్టికలో గుమాస్తా రాసిన ఆ అసంపూర్ణమైన పేరే మనలను ఓడ వరకు, ఓడ నుండి గ్రామం వరకు తీసుకొనిపోయే దారం. ఆ దారం తెగితే అసలు ఇంటిపేరు తెలిసినా దానిని రుజువు చేయలేము.

దీనికి ఆచరణలోనూ విలువ ఉంది. భారత ప్రభుత్వం ఇచ్చే విదేశీ భారత పౌర కార్డుకు వంశక్రమాన్ని పత్రాలతో చూపాలి. 2024 మార్చిలో మారిషస్ పర్యటనలో భారత రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము అక్కడి భారత సంతతిలో ఏడవ తరం వారికి కూడా ఈ అర్హత కల్పిస్తున్నట్లు ప్రకటించారు. ఏడు తరాల పత్రాలలో ఒక్క చోట పేరు మారి, ఆ మార్పుకు కాగితం లేకపోతే వరుస అక్కడ ఆగిపోతుంది. డీడ్ పోల్‌లో పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అది రెండు తరాల మధ్య వంతెన అవుతుంది.

పాత పేరును పూర్తిగా విడువలేనివారు దానిని మధ్య పేరుగా ఉంచుకోవచ్చు. పై ఉదాహరణలోని కుటుంబం అప్పన్నను మధ్యన నిలిపి పసుపులేటిని ఇంటిపేరుగా తీసుకొంటే, ఓడ ఎక్కిన మనిషీ ఉంటాడు, అతడు విడిచి వచ్చిన ఇల్లూ ఉంటుంది.

పనుల వరుస

1. పెద్దలను అడిగి, వారు చెప్పిన మాటను తేదీతో సహా రాసిపెట్టండి.
2. వలస పత్రం, జనన, వివాహ ధ్రువపత్రాల నకళ్ళు సేకరించండి.
3. కొత్త పేరుకు ఇంగ్లీషు వర్ణక్రమాన్ని కుటుంబమంతా కలిసి ఒకే విధంగా నిర్ణయించండి.
4. రెండవ పాస్‌పోర్టు ఉంటే ఆ దేశపు హైకమిషన్‌ను ముందుగా సంప్రదించండి.
5. డీడ్ పోల్ రాసి, సాక్షి ఎదుట సంతకం చేసి, మూల ప్రతులు ఒకటి కంటే ఎక్కువ ఉంచుకోండి.
6. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, పన్నుల శాఖ, బ్యాంకు, వైద్యుడు, బడి, వీలునామా ఇవన్నీ మార్పించండి. లైసెన్సులో పేరు మార్పించకపోతే 1,000 పౌండ్ల వరకు జరిమానా ఉంటుంది.

ఈ వ్యాసంలోని కొన్ని మాటలు

ఇంటిపేరు: ఒక ఇంటివారందరికీ ఉమ్మడిగా ఉండే పేరు.
వంశీకులు: ఒకే వంశంలో పుట్టినవారు.
ధ్రువపత్రం: ఒక సంగతి నిజమని చెప్పే అధికార పత్రం.
నకలు: మూల పత్రాన్ని చూసి తీసిన ప్రతి.
సంవత్సరీకం: మరణించినవారికి ఏడాది నిండినప్పుడు చేసే కర్మ.