పాతిక అక్షరాల మీద పడ్డ నింద

మా వేములపల్లిలో చిన్న వయసులో ఎవరి గుండైనా ఆగిపోతే "ఆ ఇంటి రక్తంలోనే ఉంది" అనేవాళ్లు పెద్దవాళ్లు. 2009లో ఆ మాటకి సైన్సు ముద్ర పడినంత పనైంది. తీరా చూస్తే కథ అంత తేలిగ్గా లేదు.

గుండె కండరంలో మయోసిన్‌ని అంటిపెట్టుకుని, దాని బిగింపుని అదుపులో ఉంచే ప్రొటీను ఒకటుంది. పేరు మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి. ఈ కుటుంబం ప్రొటీన్లు 1970ల మొదట్లో బయటపడ్డాయి, అదీ శుద్ధి చేసిన మయోసిన్‌లో మిగిలిపోయిన మలినంగా! గుండెలోని రకానికి మూలం 11వ క్రోమోజోము మీద ఉన్న ఎంవైబీపీసీ3 జన్యువు. అందులో తేడాలొస్తే గుండె గోడలు మందమయ్యే జబ్బు వస్తుందని 1995లో తేలింది. రక్తనాళాలు పూడుకుపోయి వచ్చే గుండెపోటు వేరు, ఇది వేరు.

2009లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్, మదురై కామరాజ్ యూనివర్సిటీకి చెందిన ధండపాణి, వాళ్ల సహచరులు నేచర్ జెనెటిక్స్‌లో ఒక పేపరు వేశారు. ఈ జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయినవాళ్లు మన దేశంలో దాదాపు 4 శాతం, వాళ్లకి గుండె కండరం జబ్బు ముప్పు చాలా ఎక్కువ అని దాని సారాంశం. ఊడింది ప్రొటీనుగా మారని ఇంట్రాన్ భాగంలో. మా భాషలో చెప్పాలంటే, కామెంటు లైను తీసేస్తే ప్రోగ్రాము పాడైనట్టు! జబ్బు ఎక్కువగా పిల్లలు పుట్టాక, నడివయసు దాటాక బయటపడుతుంది కాబట్టి ప్రకృతి దాన్ని ఏరిపారేయలేదన్నారు.

నాలుగు శాతమంటే ఇవాళ్టి లెక్కలో అయిదు కోట్ల పైమాటే. అంతమందికీ రోగులని ముద్ర వేసేయొచ్చా?

2020లో బ్రిటన్ పరిశోధకులు మళ్లీ తవ్వారు. ఆ 25 అక్షరాలు లేనివాళ్లలో కొద్దిమందికి అదే జన్యువులో ఇంకోచోట ఒక్క అక్షరం మారి ఉంది. గోడలు మందమయ్యే జబ్బు ముప్పు చాలావరకు దానిదే! లాగులో ఎప్పుడూ కనబడే లైనునే దోషి అనుకుని, దాని వెనక నక్కిన బగ్గుని వదిలేశామన్నమాట. నేను ఆఫీసులో ఇలాంటి తప్పు ఎన్నిసార్లు చేశానో!

అలాగని 2009 పని వృథా కాదు. అది లేకపోతే ఆ చోట వెతికేవాళ్లే లేరు. పెద్దవాళ్ల మాటా కొట్టిపారేయలేం. ఇంట్లో చిన్న వయసు మరణాలుంటే ఎకో తీయించుకోవాలి. మేనరికాల్లో ఒకే లోపం రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్త పడాలి. కానీ రిపోర్టులో 25 అక్షరాలు లేవని చూసి పెళ్లి సంబంధాలు వదులుకోకండి.