కంప్యూటరు రోగములు – వాని నిదానచరిత్ర



నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. బాల్యమున గురువుగారి యింట కావ్యములును, కొంత తర్కమును పఠించి, ముప్పది రెండేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు కంప్యూటరు రోగములను గూర్చి ప్రసంగింప బూనుట సాహసమని మీకు తోపవచ్చును. కాని మా యూరి గ్రంథాలయమున జరిగిన యొక సంగతి నన్నీ చరిత్రను వెదకి చదువునట్లు చేసినది. ముందుగా దానిని విన్నవించెదను.

మా గ్రంథాలయమునందలి బల్లకంప్యూటరు పదునాలుగేండ్ల నాటిది. నాకంటె వయస్సున పెద్దవారైన మిత్రులొకరు చుట్టుపట్ల గ్రామములు తిరిగి, దేవాలయస్తంభములమీదను, పొలముగట్లనున్న రాళ్లమీదను గల శాసనములను చదివి వ్రాసికొన్న ప్రతులను నలువదిమూడింటిని దానిలో భద్రపరచిరి. వారు కీర్తిశేషులైరి. వారి కాగితములు వానకు తడిసి చెడిపోయినవి. మిగిలినది యా పెట్టెలోని ప్రతి యొక్కటియే. గడచిన సంవత్సరము ఆ యంత్రము మీట నొక్కిన పావుగంటకు గాని మేలుకొనకుండెను. మేలుకొన్నను పనినడుమ నీలితెర చూపి నిలిచిపోవుచుండెను. "ముసలిదైపోయింది మాస్టారూ, పాతసామాన్లవాడికి ఇచ్చేసి కొత్తది కొందాం" అని కుర్రవాండ్రనిరి. నేనును తల యూపితిని. అంతేకాదు, మూడు వారములపాటు దినమున కొకమారు దానిని వెలిగించి, వచ్చినవారి కెల్ల దాని మాంద్యమును చూపి నవ్వితిని.

వైద్యుని కడకు మోకాలినొప్పి యని పోయినచో, చేతితో తాకియైనను చూడక "వయస్సు మీరినది, ఇంతే" యని పంపివేసిన మనకెట్లుండును? వార్ధక్యము రోగము పేరు కాదు. రోగమెచ్చట నున్నదో వెదకుటకు బద్ధకించినవాడు చెప్పెడు మాట యది. ఈ యంత్రముల పుట్టుపూర్వోత్తరములను చదివిన పిదప నాకొకటి స్పష్టమైనది. ఏ కాలమునను యంత్రములు చెడక నిలువలేదు. చెడిన చోటేదో కనుగొను విద్య పెరుగుటచేతనే అవి నమ్మదగినవైనవి. కంప్యూటరు చరిత్రలో సగము నిదానచరిత్రయే.

అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమునందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్ అను వారు ఎనియాక్ అను గణకయంత్రమును నిర్మించి 1946 ఫిబ్రవరిలో లోకమునకు చూపిరి. దాని బరువు సుమారు 30 టన్నులు. పాత రేడియోపెట్టెలలో ఎఱ్ఱగా వెలుగుచుండిన వాల్వులు మీకు జ్ఞాపకముండును. అట్టివి దానిలో సుమారు 18,000 ఉండెను. ఇంట రేడియోకు గల నాలుగైదు వాల్వులలో ఒకటి యెప్పుడో మాడిపోయెడిది. 18,000 ఉన్నచోట ఏమగునో యూహింపుడు. మొదట నించుమించు ప్రతిదినమును కొన్ని వాల్వులు చెడుచు వచ్చెను. నిర్మాతలు విసుగు చెందక, అవి యెప్పుడు చెడుచున్నవో కనిపెట్టిరి. యంత్రము వెలిగించి వేడెక్కునప్పుడును, ఆర్పి చల్లారునప్పుడును ఎక్కువగా చెడుచుండెను. కావున దానిని ఆర్పుటయే మానిరి. వాల్వులను వాని శక్తికి తగ్గించియే పని చేయించిరి. అంతట చెడుట రెండు దినముల కొకటిగా తగ్గెను. 1954 నాటికి అది యొకమారు 116 గంటలు ఏ లోపమును లేక నడచెను.

ఆ యంత్రమునకు లెక్కలు కూర్చుటకు ఆరుగురు యువతులు నియుక్తులైరి. వారికి బోధించు గ్రంథము లేదు. యంత్రనిర్మాణపు పటములను మాత్రమే చేతికిచ్చిరి. వారు వానిని చదివి చదివి, లెక్క తప్పినపుడు ఇన్ని వేల వాల్వులలో చెడినది యేదియో చూపగలిగినంతటి నేర్పు సంపాదించిరి. వారిలో జీన్ బార్టిక్ ఒకరు. లోకము వారి పేర్లను చాలకాలమునకు గాని తెలిసికొనలేదు.

మరుసటి యేట హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్ టూ అను యంత్రము తప్పు చేసెను. అందు వాల్వులకు బదులు రిలేలను విద్యుత్తు మీటలు టకటకమని తెఱచుకొని మూసికొనుచుండెను. 1947 సెప్టెంబరు 9వ తేదీన పనివారు వెదకి చూడగా, 70వ రిలేలో ఒక దీపపుపురుగు చిక్కి చచ్చియుండెను. దానిని తీసి దినచర్యపుస్తకమున అంటించిరి. ఆ పుట నేటికిని అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంగ్రహాలయమున భద్రముగా నున్నది. యంత్రలోపమును పురుగని పిలుచుట అంతకు ముందే, ఎడిసన్ కాలమునుండియే, కలదు. కాని నిజమైన పురుగే దొరకుటచేత ఆ కథ లోకప్రసిద్ధమైనది. అందు మనము గ్రహింపదగిన దొకటి యున్నది. వారు యంత్రము పాడైనదని చేతులు కట్టుకొనలేదు. తప్పు ఏ రిలేలో నున్నదో కనుగొనిరి, దానిని వ్రాసి పెట్టిరి.

ఆ దినములలోనే బెల్ పరిశోధనాలయమున రిచర్డు హామింగ్ అను గణితవేత్త యుండెను. ఆయనకు యంత్రము వారాంతమున మాత్రమే దొరకెడిది. పనివారు లేని యా దినములలో యంత్రము తప్పును పసిగట్టినంతనే ఆయన లెక్కను విడిచి తరువాతి లెక్కకు పోవుచుండెను. సోమవారము వచ్చి చూచిన ఫలము శూన్యము. తప్పు జరిగినదని తెలిసికొనగల యంత్రము, అది యెచ్చట జరిగినదో యేల తెలిసికొనరాదని ఆయన ప్రశ్నించుకొనెను.

ఆయన యుపాయమును మన పొలముల భాషలో చెప్పెదను. యంత్రమునకు సున్న, ఒకటి అను రెండంకెలే తెలియును. కొన్ని యంకెల కొక కాపరియంకెను చేర్చి, మొత్తమున ఒకట్లు ఎల్లప్పుడును సరిసంఖ్యగా నుండునట్లు కుదుర్చుదురు. నడుమ నొక యంకె మారినచో లెక్క బేసియగును, కాపరి కేక వేయును. కాని యా కేక ఏ మడినుండి వచ్చినదో తెలియదు. హామింగ్ పెక్కుమంది కాపరులను నియమించి, ఒక్కొక్కనికి వేరువేరు మళ్ల కూటమి నప్పగించెను. ఏ యే కాపరులు కలిసి కేక వేసిరో చూచినంతనే దొంగ ఏ మడిలో నున్నాడో తెలియును. అంకెలు రెండే గావున, చోటు తెలిసినచో చికిత్సయు తెలిసినట్లే. ఒకటిగా నున్నదానిని సున్న చేయవలెను, సున్నగా నున్నదానిని ఒకటి చేయవలెను. 1950లో ఆయన యీ సూత్రమును ప్రకటించెను. నేటికిని గొప్ప సంస్థల యంత్రములలో ఆ వంశపు కాపరులే కావలి కాయుచున్నారు.

ఇక మాంద్యమును గూర్చి. పండితుని వ్యాసపీఠము చిన్నది, గ్రంథములన్నియు అటకమీద నున్నవి. ఒకే పనికి మూడు గ్రంథములు కావలసియుండగా పీఠము రెండింటికే చాలునేని, ఆయన యొకదానిని పైకి చేర్చి మరియొకదానిని దింపుచుండవలెను. దినమంతయు నిచ్చెన యెక్కి దిగుటయే గాని వ్రాత సాగదు. కంప్యూటరులో ర్యాము వ్యాసపీఠము, హార్డుడిస్కు అటక. 1962లో ఇంగ్లండునందలి మాంచెస్టరు నగరపు అట్లాస్ యంత్రము ఈ యెక్కింపుదింపులను తానే చేసికొను నేర్పు చూపెను. కాని పనులు మితిమీరినపుడు యంత్రములు కదలలేక పడిపోవుచుండెను. 1968లో పీటరు డెన్నింగ్ అను శాస్త్రజ్ఞుడు దీని కారణమును విశదపరచెను. మందముగా నున్న యంత్రము సోమరి కాదు. నిచ్చెనమీదనే దాని శ్రమ యంతయు వ్యయమగుచున్నది. దానికి కావలసినది పెద్ద పీఠమో, తక్కువ పనులో గాని, తిట్లు కావు.

1981 ఆగస్టున ఐ.బి.యం. సంస్థ బల్లమీది కంప్యూటరును అమ్మకమునకు తెచ్చినది. అది మేలుకొనునపుడెల్ల తన యవయవములను తానే పరీక్షించుకొని, బాగున్నచో ఒక్క పొట్టికూత కూయును. లోపమున్నచో కూతల తీరు మారును. ఆ కూతల యర్థము నిర్మించిన సంస్థనుబట్టి మారుచుండును గాని, తన నొప్పిని తానే చెప్పుకొను అలవాటు ఇతర యంత్రములకును వచ్చినది. మన దేశమునకు 1955లో ఇంగ్లండునుండి కలకత్తాలోని గణాంకసంస్థకు కంప్యూటరు వచ్చెను. 1960లో బొంబాయి టాటా పరిశోధనాలయమువారు తమ యంత్రమును తామే నిర్మించుకొనిరి. 1967లో హైదరాబాదున స్థాపితమైన ఇ.సి.ఐ.యల్. సంస్థ కంప్యూటర్లను చేసి యమ్మినది. ఆ విధముగా ఈ నిదానవిద్య మన యింటి వాకిటికి చేరినది.

మా యంత్రము కథకు వచ్చెదను. నా పూర్వశిష్యుడొకడు దగ్గరి పట్నమున మరమ్మతు దుకాణము నడపుచున్నాడు. పిలువగా వచ్చి, యంత్రము వెలిగించి, పెట్టెకు చెవి యానించి విని, వెంటనే ఆర్పివేసెను. "ముందు రాతలు తీసి పెట్టుకుందాం మాస్టారూ, తక్కినవి తర్వాత" అనెను. లోపల డిస్కు టిక్కు టిక్కు మనుచున్నదట. అరిగిన డిస్కు ఒకే చోటును చదువలేక మరల మరల చదువును. మేము ముసలితన మనుకొన్న మాంద్యము అదియే. అతడు డిస్కును విప్పి వేరొక యంత్రమునకు తగిలించి ప్రతులు తీసెను. నలువదింటిని తీయగలిగెను. మూడు పోయినవి. నేను దినదినమును వెలిగించి నవ్విన మూడు వారములును ఆ డిస్కును మరింత అరగదీసినవి. పోయిన వానిలో ఒకటి, తరువాత బాట వెడల్పు చేయునపుడు పగిలిపోయిన రాతిమీది శాసనము. దానిని మరల చదువు భాగ్యము లేదు.

నీలితెరకు కారణము వేరు. పెట్టెలో ర్యాము పలకలు రెండుండెను. శిష్యుడు రెండింటిని తీసి, ఒకదానిని మాత్రమే యుంచి నడపెను, తెర రాలేదు. దానిని తీసి రెండవదానిని అదే గాడిలో నుంచెను, తెర వచ్చెను. గాడి మార్చి చూచెను, పలక వెంటనే తెరయు పోయెను. కావున చెడినది పలకయే, గాడి కాదు. నాకు శరీరము పులకించినది. ఒకటి యున్నచో నుండుట, లేనిచో లేకుండుట. అన్వయవ్యతిరేకములని గురువుగారు నాకు పొగను, నిప్పును జూపి చెప్పిన తర్కమిదియే. శిష్యునికి ఆ పేరు తెలియదు, విద్య తెలియును. నాకు పేరు తెలియును, అవసరమునకు విద్య గుర్తు రాలేదు.

తరువాత అతడు ఫ్యానునకు పట్టిన దుమ్మును కుంచెతో తుడిచెను. వేడెక్కిన యంత్రము తన్ను తాను కాచుకొనుటకై వేగము తగ్గించుకొనును. తేదీ తప్పు చూపుచుండగా, గడియారమునకు ఆధారమైన బిళ్లబ్యాటరీని మార్చెను. అరిగిన డిస్కు స్థానమున, తిరుగు చక్రములు లేని క్రొత్తరకపు ఎస్.ఎస్.డి. నుంచెను, పాడైన పలకకు బదులు మంచిది వేసెను. ఇప్పుడా యంత్రము నిమిషము లోపల మేలుకొనుచున్నది. క్రొత్తదాని వెలలో నాలుగవ వంతైనను కాలేదు.

మీ గ్రామమున బడిలోనో, పంచాయతీ కచేరిలోనో ఇట్టి పాతయంత్ర మున్నచో నా మనవి వినుడు. మొదట వ్రాతలకు వేరొక ప్రతి చేయింపుడు. డిస్కు చప్పుడు చేయుచున్నచో ఊరక వెలిగింపక, తెలిసినవానిని పిలువుడు. పెట్టె తెఱచుటకు ముందు తీగను గోడనుండి ఊడదీయుడు. లోపలి విద్యుత్తు సరఫరా డబ్బాను మాత్రము విప్పకుడు. తీగ తీసిన పిదపను దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలువయుండును. ఒక్కమారు ఒక్కదానినే మార్చి ఫలము చూడుడు. రెండు కలిపి మార్చినచో రోగము పోయినను కారణము తెలియదు. చూచినది కాగితముమీద వ్రాసి పెట్టుడు.

చికిత్సకు ముందు నిదానము, నిదానమునకు ముందు ఉన్నదానిని కాపాడుట. ఈ క్రమమును నేను మూడు వారములు ఆలసించి నేర్చితిని. దాని వెల మూడు శాసనములు. మీకు అట్టి నష్టము కలుగకుండవలెనని కోరి, సెలవు గైకొనుచున్నాను.