గాయంలో విద్యుత్తు

కత్తిపీటపై కూరలు తరుగునపుడు వేలు తెగినచో రక్తం కారుట అందరూ చూచినదే. ఆ గాయంనుండి సన్నని విద్యుత్ప్రవాహం కూడ వెలువడుచుండునని చాలమంది ఎరుగరు. 1843లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎమిల్ దు బ్వా రేమాన్ తన వేలినే కోసికొని, సున్నితమైన గాల్వనామీటరుతో ఈ ప్రవాహాన్ని కొలిచినాడు. అది సుమారు ఒక మైక్రో ఆంపియరు. అనగా ఆంపియరులో పదిలక్షలవ వంతు.

ఈ విద్యుత్తు ఎక్కడిది? చర్మపు పైపొరలోని కణాలు సోడియం అయానులను నిరంతరం లోనికి పంపుచుండును. అందువలన చర్మం లోపలికి, వెలుపలికి మధ్య పొటెన్షియల్ భేదం ఏర్పడును. చర్మం తెగినచోట ఆ భేదం నిలువదు. చుట్టుప్రక్కలనుండి ప్రవాహం గాయంవైపు సాగును. కణాలు ఈ దిశను గుర్తించి గాయాన్ని పూడ్చుటకు కదలును. 2006లో మిన్ జావో, జోసెఫ్ పెన్నింగర్ మొదలైనవారు విద్యుత్ క్షేత్రాన్ని తారుమారు చేసి చూచిరి. అపుడు కణాలు గాయాన్ని విడిచి దూరంగా పోయినవి!

మధుమేహ రోగుల పాదాలపై మానని పుండ్లు ఒక్కొక్కప్పుడు కాలు తీసివేయువరకు వచ్చును. అట్టి పుండుపై విద్యుత్తుకు త్రోవ కల్పించు కట్టు వేయలేమా? లోహాలు విద్యుద్వాహకాలే గాని, మెత్తని కండకు అవి కఠినం. మామూలు ప్లాస్టిక్కులు మెత్తనివే గాని, విద్యుద్బంధకాలు.

1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ అను మువ్వురు పాలిఎసిటిలీన్‌కు అయొడిన్ వంటి హాలొజనుల ఆవిరి సోకించి, దాని వాహకతను లక్షలరెట్లు పెంచిరి. ఇందుకు 2000లో వారికి నోబెల్ బహుమానం లభించినది. 1997లో అమెరికాలో క్రిస్టీన్ ష్మిట్, శాస్త్రి, లాంగర్ మొదలైనవారు పాలిపిరోల్ అను మరొక వాహక పాలిమరుపై ఎలుక కణాలను పెంచి విద్యుత్తు నిచ్చిరి. వాటి నాడీతంతువులు దాదాపు రెట్టింపు పొడవు పెరిగినవి.

ఇట్టి పదార్థాలలో పాలిఎనిలీన్ ఒకటి. దీనిపై మన హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో విస్తారంగా పరిశోధన జరిగినది. 1944లో నైజాం కాలాన పుట్టిన ప్రయోగశాలయే నేటి ఈ సంస్థ. పాలిఎనిలీన్‌కు ఒక చిక్కు ఉన్నది: ఆమ్లంలో అది చక్కని వాహకమే గాని, ఆమ్లగుణం లేని శరీరద్రవాలలో ఆ శక్తిని చాలవరకు కోల్పోవును. పైగా వాహక పాలిమరులు శరీరంలో సులభంగా కరగవు. కనుకనే వాటిని స్వల్పంగా తీసికొని, కొల్లాజెన్, జెలటిన్ వంటి జీవపదార్థాలతో కలిపి మెత్తని జెల్లులుగా తయారుచేయుచున్నారు.

జంతువులపై ఫలితాలు ఆశాజనకంగా ఉన్నవి. మానవ శరీరంలో ఇవి చిరకాలం హాని చేయకుండునని రుజువగుట ముఖ్యం. దు బ్వా రేమాన్ తన వేలిపై కొలిచిన ఆ స్వల్పప్రవాహం రోగి కాలిని నిలుపునా అను ప్రశ్నకు సమాధానం ఆ పరీక్షలపైననే ఆధారపడియున్నది.