డీగో గార్సియా

హిందూమహాసముద్ర మధ్యమున, మారిషస్‌కు ఈశాన్యముగా రెండువేల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న ఛాగోస్ ద్వీపసముదాయములో అన్నిటికంటె పెద్ద దీవి. వంకీ తిరిగిన పగడపు దిబ్బ నడుమ ఓడలు నిలువదగిన లోతైన మడుగుండుట దీని సౌభాగ్యము. అదియే దీని దౌర్భాగ్యమునకును మూలమైనది.

ఒకప్పుడు కోరంగి రేవునుండి తెలుగు కూలీలు తరలిపోయిన మారిషస్‌తోపాటు ఈ దీవులును 1814 నాటి పారిస్ సంధివలన ఆంగ్లేయుల వశమయ్యెను. సూయజ్‌కు తూర్పున తన బలమును తగ్గించుకొన నెంచిన బ్రిటను, ఈ సముద్రమున కాలూన నెంచిన అమెరికాతో మంతనములు సాగించి, మారిషస్‌కు స్వాతంత్ర్యము రాకమునుపే, 1965 నవంబరు 8న, ముప్పది లక్షల పౌనుల పరిహారముతో ఛాగోస్‌ను దానినుండి వేరుచేసెను. 1966 డిసెంబరు 30న ఈ దీవులను రక్షణావసరములకు వాడుకొనుటకై ఉభయ రాజ్యములును ఏబది సంవత్సరములకు ఒడంబడిక చేసికొనెను. అద్దె లేదు; బదులుగా, బ్రిటను చెల్లించవలసిన పొలారిస్ క్షిపణుల పరిశోధన వ్యయములో ఒక కోటి నలుబది లక్షల డాలర్లు రహస్యముగా మినహాయింపబడెను. ఎవరి భూమి పోవుచున్నదో ఆ మారిషస్ సంతకము ఆ పత్రముపై లేదు.

1968 మొదలు 1973 వరకు, కొబ్బరితోటలలో తరతరములుగా బ్రతికిన పదునైదు వందలకు పైబడిన జనులను ఓడలకెక్కించి మారిషస్, సీషెల్స్ రేవులలో దింపిరి. వారి పెంపుడు కుక్కలను ఎండుకొబ్బరి ఆరబెట్టు కొట్టములో మూసి విషవాయువుతో చంపిరి. రక్షణ యను పేర జరిగిన ఈ పనిని ఘోరమనక మరేమనవలెను?

చిన్న రాజ్యములు ఊరకుండలేదు. సిలోన్ (నేటి శ్రీలంక) ప్రధాని సిరిమావో బండారనాయకె పూనికతో ఐక్యరాజ్య సమితి మహాసభ హిందూమహాసముద్రమును శాంతిమండలముగా ప్రకటించిన 1971 డిసెంబరు 16ననే బంగ్లాదేశ్ యుద్ధమున ఢాకాలో పాకిస్తాను సేనలు లొంగిపోయెను. అప్పటికి అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతమున నుండెను. తీర్మానము కాగితముననే నిలిచినది, డీగో గార్సియాలోని అమెరికా స్థావరము పెరిగినది. 1991లో ఇరాకుపైకి ఇక్కడినుండి బాంబరులు లేచెను.

సైన్యమే లేని మారిషస్ న్యాయమును ఆశ్రయించెను. ఛాగోస్‌ను వేరుచేయుట ధర్మవిరుద్ధమని 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానము అభిప్రాయపడెను. సమితి మహాసభ 116 ఓట్లతో దానిని బలపరచెను. ఇంతలో మారిషస్ తన అగాలెగా దీవిలో భారతదేశ సహాయముతో కట్టిన విమానమార్గము, రేవుకట్ట 2024 ఫిబ్రవరి 29న ప్రారంభమయ్యెను. అది సైనిక స్థావరము కాదని ఉభయ ప్రభుత్వములును చెప్పినను, అక్కడి మూడువందల మంది నివాసులలో కొందరికి ఛాగోస్ వారి గతి తలపునకు వచ్చుట సహజమే. ఆ భయమును పోగొట్టవలసిన బాధ్యత మనదికూడ.

2025 మే 22న బ్రిటను, మారిషస్‌లు సంధిపై సంతకములు చేసినవి. దాని ప్రకారము ఛాగోస్‌పై సార్వభౌమత్వము మారిషస్‌ది; డీగో గార్సియా మాత్రము 99 ఏండ్లు బ్రిటను చేత కౌలులో నుండును. మిగిలిన దీవులలో జనులను తిరిగి నిలుపుకొనుటకు మారిషస్‌కు ఆ సంధిలో వీలు కలదు. డీగో గార్సియాలో లేదు.