మా జేజినాయన నాయన పేరేమి?

యీ యేటి సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాసి యివ్వమని కార్యదర్శిగారు అడిగినారు. రాజుల చరిత్ర వ్రాసేవారు చాలామంది వున్నారు. నేను మా యింటి చరిత్ర వెదకబోయి నేర్చుకున్న సంగతులు నాలుగు చెప్పాలని వుద్దేశం. అవి మీ యింటికీ పనికివస్తాయని నా నమ్మకం.

ముందుగా మిమ్మల్నొక మాట అడుగుతాను. మీ జేజినాయన పేరు మీకు తెలుసు. ఆయన నాయన పేరు తెలుసునా? యీ ప్రశ్న నేను చాలామందిని అడిగినాను. నూటికి తొంభైమంది తలగోక్కున్నవారే. నేనూ వారిలో వొకణ్ణే.

నాకీ వెదుకులాట సరదాకు మొదలు కాలేదు. మా అన్న మనమడికి కాలేజీ సీటు కోసం కుల ధృవీకరణ పత్రం కావలసివచ్చింది. కాగితాలు తీసి చూస్తే, మా అన్న బడి రికార్డులో "దూదేకుల" అని వుంది. ఆయన కొడుకు రికార్డులో "షేక్" అని వుంది. ప్రభుత్వ జాబితాలో దూదేకుల, నూర్‌బాషా, పింజారీలు బి.సి. 'బి' గ్రూపులో వున్నారు. షేకులకు 2007 చట్టం ప్రకారం 'ఇ' గ్రూపు. వొకే రక్తం, రెండు పేర్లు! "అంతకు ముందు తరం కాగితమేదైనా తెండి" అన్నారు ఆఫీసులో. అది న్యాయమైన మాటే. కాని తెచ్చేదానికి మా దగ్గర ఏముంది? పేరే తెలియనివాడి కాగితం ఎక్కడని వెదికేది?

సయ్యదుల యిళ్ళలో, దర్గా సజ్జాదాల యిళ్ళలో షజరా అని వంశవృక్షం వ్రాసిన కాగితం వుంటుంది. దూదేకి, నేలదున్ని బతికినవారికి షజరా ఎవరు వ్రాసిపెడతారు? మన కబరస్తాన్‌లో పాత గోరీల మీద అక్షరాలు కూడా లేవు. రాయి చెక్కించే స్థోమత వుండే కాలం కాదది. మా యింట్లో వున్నదల్లా వొకే కథ: మా పెద్దలు బుఖారా నుండి గుర్రాల మీద వచ్చినారని. యీ కథ చిన్నప్పుడు విని నేనూ చాలా గర్వపడినాను. తర్వాత తెలిసిందేమంటే, మా చుట్టుపక్కల పది వూళ్ళలో ప్రతి యింటివాళ్ళూ గుర్రాల మీదనే వచ్చినారు. నడిచి వచ్చినవారు వొక్కరూ లేరు!

మొదట మా యింటి తకరపెట్టె దించినాం. అందులో మా జేజినాయన పొలం కొన్న క్రయ దస్తావేజు దొరికింది. పాత దస్తావేజులు వొక్కసారి నిదానంగా చదవండి. పొలం హద్దులకంటే ముందే మనిషి హద్దులుంటాయి అందులో. ఫలానా తాలూకా, ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానావారి కుమారుడు, ఫలానా జీవనం అని. మా జేజినాయన పేరుకు ముందు "దూదేకుల" అనీ, "దూది ఏకుట, కమతం జీవనం" అనీ స్పష్టంగా వుంది. ఆయన నాయన పేరూ వుంది. యిన్నేండ్లు మా అటకమీదనే వున్న పేరది. చదివినవాడు లేడు.

అక్కడినుండి పైకి పోవాలంటే సర్కారు రికార్డులే దిక్కు. కాని వాటిలో దిగేముందు లెక్కలు రెండు మూడు తెలిసివుండాలి. పాత రెవెన్యూ లెక్కల్లో ఫసలీ సంవత్సరం వుంటుంది. దానికి 590 కలిపితే యింగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1216 అంటే 1806-07 అన్నమాట. గోరీల మీదా, నికానామాల మీదా హిజ్రీ వుంటుంది. హిజ్రీ సంవత్సరం చిన్నది, మనకు 32 యేండ్లు గడిస్తే దానికి 33 గడుస్తాయి. హిజ్రీ 1300 మొదలైంది 1882 నవంబరులో. యిక ముసలివాళ్ళు చెప్పేది కరువుల లెక్క. "మా మామ ధాత కరువుకు యీడొచ్చిన పిల్లవాడు" అనేది మా జేజి. ధాత నామ సంవత్సరమంటే 1876-77. అరవై యేండ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది గనుక 1936-37 కూడా ధాతే. ఏ ధాతో మనమే తేల్చుకోవాలి.

యింకొక సంగతి. మన అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుండి విడిపోయి యేర్పడింది. అంతకు ముందు కాగితాలన్నీ బళ్ళారి జిల్లా పేరుమీదనే వుంటాయి. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలోది. రాయదుర్గం 1953 దాకా బళ్ళారిలోది. యిప్పుడు హిందూపురం, పెనుకొండ, కదిరి, ధర్మవరం వైపువాళ్ళు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లావాళ్ళైనారు. తాతలు కదలకుండా వొక వూళ్ళోనే వున్నా, జిల్లాలు వాళ్ళ మీదుగా నడిచిపోయినాయి. ఏ కాలానికి ఏ జిల్లా అన్నది తెలియకపోతే, లేనిచోట వెదికి "రికార్డు లేదు" అని తిరిగివస్తాం.

1800లో నిజాం యీ సీమను కుంఫిణీవారికి దత్తం చేసినాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో కచేరీ పెట్టి, 1802 మొదలుకొని పొలాలు కొలిపించినాడు. వూరివూరి లెక్కలూ కుదిర్చినాడు. ఆ తర్వాత 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ పెట్టింది. మసీదుకు, దర్గాకు, పీర్లచావిడికి, ఖాజీకి, గుడికి, బావికి, చెరువుకు వున్న ప్రతి మాన్యమూ విచారించి పుస్తకాల కెక్కించినారు. ఆ మాన్యం మొదట ఎవరికిచ్చినారు, పాత లెక్కలో ఎవరి పేరుంది, యిప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వారికీ వీరికీ చుట్టరికమేమి అన్నది అందులో వుంటుంది. మాన్యభూముల తగాదాలలో కోర్టులు యిప్పటికీ యీ ఇనాం రిజిస్టరుకు చాలా విలువ యిస్తాయి. మన మసీదుల, కబరస్తాన్‌ల భూములకు యిదే పెద్ద సాక్ష్యం. కాని బీదవాడికి యిది షజరా కూడానని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా వూరి పీర్లచావిడికి యెకరాల మెట్ట మాన్యం కొంత వుండేదనీ, చావిడి సేవ మా యింటివాళ్ళు చేసేవాళ్ళనీ పెద్దలు అనేవారు. రికార్డు రూములో నకలుకు దరఖాస్తు పెట్టినాం. మూడుసార్లు తిరిగిన తర్వాత నకలు చేతికి వచ్చింది. 1860 ప్రాంతంలో మాన్యం అనుభవిస్తున్నవాడు మా దస్తావేజులో వున్న మనిషికి నాయన. సంతోషమే. పై గడిలో ఫసలీ 1216 లెక్క ప్రకారం వున్న పేరు ఇంకొకటి. ఆయనకు యీయన కొడుకు కావాలి గదా? కాదు. "కూతురి కొడుకు" అని వుంది.

ఆ కూతురు ఎవరు? ఆమె పేరు లేదు. ఎందుకు వుంటుంది? రికార్డంతా మగవాళ్ళ పేర్లే. మాన్యం తాత నుండి మనమడికి గెంతింది. నడుమ ఆడమనిషి వున్నచోట ఖాళీ. మా వంశం తండ్రి కొడుకు, తండ్రి కొడుకు అని సూటిగా వచ్చిందనుకున్నవాళ్ళం, అసలు నిలబడింది వొక ఆడకూతురి మీదనని ఆ వొక్క మాటతో తెలిసింది. అంతటితో రికార్డు నోరు మూసుకుంది.

యిక్కడ చుట్టాల పని వచ్చింది. మా వూరి పీర్లచావిడికి మొహర్రంలో బళ్ళారి నుండి వొక కుటుంబం వచ్చి చక్కెర చదివించి పోయేది. గూగూడు కుళ్ళాయిస్వామికి ఎక్కడెక్కడి నుండో జనం రావడం మనకు అలవాటే గనుక, వీళ్ళూ ఎవరో మొక్కుబడి వాళ్ళనుకున్నాం. వొకసారి ముజావరే అన్నాడు, "వాళ్ళు మీవాళ్ళే గదప్పా, మీరు పలకరించరే?" అని. ఆ మాట పట్టుకొని నేనూ మా తమ్ముడూ బళ్ళారి కౌల్ బజారుకు పోయినాం.

ఆ యింటి పెద్దామెకు యెనభై దాటినాయి. వరసకు నాకు మేనత్త అవుతుందని అక్కడికి పోయినాకనే తెలిసింది. మేము వూరి పేరు చెప్పగానే, "ఏం నాయనా, నూటయాభై యేండ్లకు గుర్తుకొచ్చినామా మేము?" అన్నది. నవ్వుతూనే అన్నది గాని, మాకు తల యెత్తబుద్ధి కాలేదు.

ఆమె చెప్పిన సంగతి యిది. ధాత కరువులో రెండు వానలూ పోయినాయి. చావిడి మాన్యంలో గింజ పండలేదు. నేతగాళ్ళు మగ్గాలు నిలిపేసినారు, పత్తి లేదు, దూదేకించుకునేవాడు లేడు. అన్నదమ్ములిద్దరిలో అన్న వింటిని భుజాన వేసుకొని, పెండ్లాం పిల్లల్ని తీసుకొని బళ్ళారికి నడిచిపోయినాడు. తమ్ముడు చావిడి చూసుకుంటూ వూళ్ళోనే వుండిపోయినాడు. ఆ తమ్ముడి సంతతి మేము. ఆ అన్నకు ఆమె సొంత మనమరాలు. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెడితే, అప్పటి బళ్ళారి జిల్లాలో జనం దగ్గరదగ్గర ఐదోవంతు తగ్గిపోయినారు. పోయినవారంతా చచ్చినవారు కాదు. యిట్లా నడిచిపోయినవారూ అందులో వున్నారు.

ఆ కాలంలోనే మన మద్రాసు రాజధాని నుండి సముద్రం దాటిపోయినవారు వేలకువేలు. 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు 1,52,184 మంది కూలీలు పోయినారు. వారికి ప్రతి మనిషికీ వొక నంబరు వేసి, తండ్రి పేరు, వయస్సు, కులం, వూరు, తాలూకా ఓడ పుస్తకంలో వ్రాసినారు. ఆ పుస్తకాలు పట్టుకొని వారి మునిమనమలు యిప్పుడు తమ వూళ్ళు వెదుక్కుంటూ వస్తున్నారు. మావాడు బళ్ళారికి నడిచిపోయినాడు గనుక అతనికి ఏ నంబరూ లేదు, ఏ పుస్తకమూ లేదు. యేటా మొహర్రంకు తెచ్చే చక్కెరే అతని కాగితం.

ఆఖరున అడిగినాను. "అత్తా, ఆ అన్నదమ్ముల నాయనను కన్నతల్లి ఎవరు? పుస్తకంలో కూతురు అని వుంది, పేరు లేదు."

ఆమె ఆలోచించను కూడా లేదు. "ఫకీరమ్మ. మా యింట్లో మొదటి ఆడపిల్లకు ఆ పేరే పెడతారు. నాదీ అదే" అన్నది. మొగుడు పోతే, చేతిలో పసిబిడ్డతో పుట్టింటికి వచ్చి, తానే విల్లు పట్టి దూదేకి కొడుకును పెంచిందట. చావిడిలో దీపం ఆరనీయలేదట. మా యింట్లో మగపిల్లలకు కుళ్ళాయప్ప అనే పేరు తరం విడిచి తరం వస్తూనే వుంది. ఆమె పేరు మాత్రం మేము వదిలేసినాం. కరువుకు వూరు విడిచిన వాళ్ళు కాపాడుకున్నారు.

నకలూ, దస్తావేజూ తెచ్చి చూపినాం. అబ్బాయికి తన ముత్తాతల కులం పేరుతోనే పత్రం వచ్చింది. అయితే మా బంధువుల్లో కొందరికి యిది నచ్చలేదు. "షేక్ అని గౌరవంగా వుండేవాళ్ళం, దూదేకుల అని తవ్వి బయట పెట్టినావు" అని వొక పెద్దమనిషి నాతో మాట్లాడడం మానేసినాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. దూదేకులవాళ్ళని అటు మసీదు వరసలోనూ, యిటు వూరి రచ్చకట్ట మీదా తేలిక చేసినవాళ్ళున్నారు. ఆయన చిన్నతనంలో పడిన మాటలు నేను పడలేదు. కాని నా మాట నేను చెప్పాలి. బుఖారా గుర్రాల కథకు వొక్క కాగితం దొరకలేదు, వొక్క చుట్టమూ దొరకలేదు. దూదేకే విల్లుకు రెండూ దొరికినాయి. తెగలూ జాతులూ వొకరినొకరు గుర్తించుకోవడానికేననీ, గొప్పతనం దైవభీతిలో వుందనీ మన మతమే చెబుతుంటే, పుట్టుకకు గుర్రాలు కట్టడమెందుకు?

సభ్యులకు నా మనవి యింతే. చుట్టాలు లేనిదే రికార్డు సగమే చెబుతుంది. రికార్డు లేనిదే చుట్టాల మాట గాలికి పోతుంది. రెండూ వొకదానితో వొకటి సరిచూసుకోవాలి. మొదట యింట్లో పెద్దదిక్కును కూర్చోబెట్టి అడగండి. ముఖ్యంగా ఆడవాళ్ళను అడగండి. ఏ పిల్లను ఏ వూరికిచ్చినారో వాళ్ళకే గుర్తు. వాళ్ళ మాట ఫోనులో పట్టిపెట్టుకోండి. తర్వాత దస్తావేజులు, నికానామాలు, బడి రిజిస్టర్లు చూడండి. నికానామాలో పెండ్లికూతురి పేరు, ఆమె తండ్రి పేరు, సాక్షుల పేర్లు కూడా వుంటాయి. గుంతకల్లు వైపు రైల్వేలో చేసినవారుంటే వారి సర్వీసు కాగితాలు చూడండి. ఆ తర్వాతే రికార్డు రూము. దొరికింది దొరికినట్లే వ్రాయండి. దొరకని చోట గుర్రం ఎక్కించవద్దు.

వచ్చే సంవత్సరం సంచికకు ప్రతి కుటుంబమూ వొక పేజీ తెచ్చి యివ్వగలిగితే, మన సంఘానికి అంతకన్నా విలువైన ఆస్తి వుండదు. ఆ పేజీలో ఆడవాళ్ళ పేర్లు మరవకండి.

మా అన్న మనమడికి పోయిన యేడు చెల్లెలు పుట్టింది. ఏం పేరు పెట్టాలని యింట్లో పెద్ద చర్చ జరిగింది. పాత పేరు, బడిలో నవ్వుతారని కొందరన్నారు. చివరకు బళ్ళారి అత్తను పిలిపించినాం. ఆమె పిల్లను వొళ్ళో పెట్టుకొని చెవిలో మూడుసార్లు పిలిచింది. ఏమని పిలిచిందో మీకు వేరే చెప్పనవసరం లేదు.