సమము చేయుటయా, సొగసు చేయుటయా?

రేడియో పెట్టె మీది స్వరపు మీటను అటునిటు త్రిప్పినప్పుడు ఒకే గొంతు ఒకసారి గంభీరముగను, ఒకసారి పదునుగను మారుట శ్రోతలకు అనుభవమే. ధ్వనిముద్రణశాలలో ఇదే పనిని మిక్కిలి నిశితముగా చేయు సాధనమునకు ఈక్వలైజరు అని పేరు. సమము చేయునది అని ఆ మాటకు అర్థము. పోయిన దానిని పూరించుటకు పుట్టిన ఈ సాధనము క్రమముగా లేనిదానిని కల్పింపగల పనిముట్టు అయినది. ఈ మార్పు వచ్చిన దారిని ఒకింత పరిశీలింతము.

దీని పుట్టినిల్లు సంగీతశాల కాదు, టెలిఫోను తీగ. 1876లో గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందిన తరువాత, తీగల పొడవు పెరిగినకొలది ఒక చిక్కు బయలుపడినది. మాటలోని కంపనములన్నియు తీగమీద ఒకే తీరున సాగవు. వేగము గల కంపనములు ముందుగా క్షీణించును. స, శ వంటి అక్షరముల స్ఫుటత్వము వానిలోనే ఉన్నది. అవి పోయినచో ‘సరి’ అన్నను ‘హరి’ అన్నను చెవికి ఇంచుమించు ఒకటే. తరిగిన భాగమును మిగిలిన దానితో సమము చేయుటకై ఇంజనీర్లు తీగచుట్టలను, కండెన్సర్లను కూర్చి వలయములు నిర్మించిరి. ఆటో జోబెల్ 1928లో అట్టి వలయముల గణితమును ప్రకటించెను. అవసరమునుబట్టి మార్చుకొనదగిన ఈక్వలైజర్లను గూర్చి బెల్ పరిశోధనశాలకు చెందిన హెండ్రిక్ బోడె 1938లో వ్రాసెను.

గ్రామఫోను రికార్డులకును ఈ విద్య అవసరమైనది. మంద్రధ్వనులు గాడిని మితిమీరి వెడల్పు చేయును. తారధ్వనులు సూది చేయు బుసలో మునిగిపోవును. కాబట్టి ముద్రించునప్పుడు మంద్రమును తగ్గించి, తారమును హెచ్చించి, వినిపించునప్పుడు దానికి సరిగా విరుద్ధము చేయవలెను. తొలుత ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క లెక్క. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ సంఘము ఒకే ప్రమాణమును నిర్ణయించినది. దాని రెండు కొసలయందును సవరణ సుమారు 20 డెసిబెల్‌లు. ఇంతవరకు సాధనము తన పేరును నిలుపుకొనినదనియే చెప్పవచ్చును.

1950ల ప్రారంభమున అమెరికాలో యూజీన్ షెంక్, ఆలివర్ సమ్మర్లిన్ అనువారు పుల్‌టెక్ అను ఈక్వలైజరును తయారుచేసిరి. అందలి వలయమునకు స్వయముగా బలమునిచ్చు శక్తి లేదు. అది మొత్తము ధ్వనిని తగ్గించి, కోరిన భాగమును మాత్రము తక్కువగా తగ్గించును. ఆ నష్టమును వాల్వుల ఆంప్లిఫయరు పూరించును. గాయకులకును, వాద్యములకును నిండుదనము తెచ్చుటకు ముద్రణశాలలు దీనిని ఆదరించినవి. 1952లో ఇంగ్లండులో పీటర్ బాక్సండాల్ ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రకటించిన స్వరనియంత్రణ వలయము ఈ స్వాతంత్ర్యమును గృహస్థుల ఆంప్లిఫయర్లకును తెచ్చినది. 1972లో జార్జి మాసెన్‌బర్గ్ వివరించిన పద్ధతిలో, ఏ కంపనమును, ఎంత వెడల్పున, ఎంత మేరకు మార్చవలెనో మూడింటిని వేర్వేరుగా నిర్ణయింప వీలైనది.

స్టీరియోలో మరియొక జాగ్రత్త కలదు. 1931లో బ్లమ్లీన్ పేటెంటునకై దరఖాస్తు చేసిన ఈ పద్ధతిలో రెండు మార్గముల పోలికవలననే గాయకుడు నట్టనడుమ నిలిచినట్లు తోచును. ఎడమ, కుడి ఈక్వలైజర్లలో స్వల్పభేదమున్నను ఆతడు ఒక ప్రక్కకు ఒరిగినట్లుండును. అందుచేతనే తుది ముద్రణలో వాడు సాధనములకు మెట్టుమెట్టుగా తిరుగు మీటలు అమర్చుదురు. రెండు ప్రక్కలను ఒకే మెట్టున నిలుపవచ్చును.

సొగసు చేయుట సత్యమునకు ద్రోహమా? అంత తేలికగా తీర్పు చెప్పలేము. ధ్వని తగ్గినకొలది మన చెవి మంద్రమును ఎక్కువగా కోల్పోవునని ఫ్లెచర్, మన్సన్‌లు 1933లోనే కొలిచి చూపిరి. సభలో మ్రోగిన మృదంగము ఇంట మెల్లగా వినునప్పుడు, యంత్రము ఎంత నిజాయితీగలదైనను, పలుచబడినట్లే తోచును. కావున కొంత దిద్దుబాటు సత్యమునకే తోడు. కాని గాయకుని గొంతులో లేని గాంభీర్యమును మీట ప్రసాదించినప్పుడు, మనము మెచ్చునది ఎవరిని? ఈ ప్రశ్నను మరువని చేతిలోనే ఈక్వలైజరు తన పేరును సార్థకము చేసికొనునని మేము భావింతుము.